శ్రీహరికోట నుంచి ఒక చిన్న గ్రహం

కెప్లర్ చెప్పిన మూడు గ్రహ చలన సూత్రాలు బడిలో అందరం చదివినవే. పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకుని, చాలామందిమి అక్కడితో వదిలేస్తాం. అవి ఎక్కడో యూరప్‌లో, నాలుగు వందల ఏళ్ల కిందట, మనకు సంబంధం లేని ఎవరో రాసుకున్న వాక్యాలని లోలోపల అనుకుంటాం. ఆ వాక్యాల మీద పూర్తిగా భారం వేసి 2013 నవంబర్ 5 మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకు శ్రీహరికోటలో పీఎస్ఎల్‌వీ-సీ25 రాకెట్ నింగికి లేచింది. దాని కొనలో 1,337 కిలోల మంగళయాన్ ఉంది.

రాకెట్ పని 44 నిమిషాల్లో అయిపోయింది. తరువాత అంగారకుణ్ణి చేరడానికి మంగళయాన్‌కు పది నెలలకు పైగా పట్టింది. అన్ని రోజుల్లో దాని ఇంజన్ మండిన సమయమంతా కూడినా రెండు గంటలు నిండదు. మిగతా దారి పొడుగునా దాన్ని నడిపించింది మొదట భూమి, తరువాత సూర్యుడు, చివర అంగారకుడు. సూర్యుడి చుట్టూ తిరిగినన్నాళ్లూ మంగళయాన్ అచ్చంగా ఒక గ్రహమే. భూమి, అంగారకుడు, బృహస్పతి ఏ నియమానికి కట్టుబడి తిరుగుతున్నాయో ఇదీ దానికే కట్టుబడింది. అందుకే గ్రహాల నడక నేర్చుకోవాలంటే మంగళయాన్ వెంట నడవడం మంచి దారి. పుస్తకంలోని మూడు సూత్రాలూ ఈ దారిలో ఒకటొకటిగా ఎదురవుతాయి. మూడింటినీ కాగితం మీద లెక్క వేసి సరిచూసుకోవచ్చు.

ఈ తీరమే ఎందుకు

సూళ్లూరుపేట నుంచి తూర్పుకు పోతే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ వెళ్తుంది. అటూ ఇటూ లోతులేని ఉప్పునీళ్లు, చలికాలంలో వాటిలో రాజహంసల గుంపులు. సరస్సు దాటితే శ్రీహరికోట దీవి, దాని ఆవల బంగాళాఖాతం. 2022 ఏప్రిల్ దాకా ఇది నెల్లూరు జిల్లా. ఆ నెలలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు తిరుపతి జిల్లాలో చేరింది. 1969లో రాకెట్ కేంద్రానికి ఈ చోటును ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్ ఇక్కడి నుంచి ఎగిరింది. 2002లో కేంద్రానికి సతీష్ ధవన్ పేరు పెట్టారు. చుట్టుపక్కల జనం నోట మాత్రం అది ఎప్పుడూ షారే.

ఈ చోటును ఎంచుకోవడం వెనుక భూమి తిరుగుడు ఉంది. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది. భూమధ్యరేఖ మీద ఉన్న వస్తువు ఆ తిరుగుడుతో పాటు సెకనుకు 465 మీటర్ల వేగంతో తూర్పుకు పోతుంటుంది. ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ ఆ వేగం తగ్గుతుంది. శ్రీహరికోట 13.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. 465ను 13.7 డిగ్రీల కొసైన్‌తో గుణిస్తే 452 వస్తుంది. అంటే లాంచ్‌ప్యాడ్ మీద నిశ్చలంగా నిలబడినట్టు కనిపించే రాకెట్ అప్పటికే సెకనుకు 452 మీటర్ల వేగంతో తూర్పుకు కదులుతోంది. తూర్పు దిక్కుగా ఎగిరితే ఆ వేగమంతా దానికి దక్కుతుంది. ఇదే కేంద్రాన్ని శ్రీనగర్‌లో కట్టి ఉంటే 385 మీటర్లే దక్కేది.

రెండో కారణం సముద్రం. మండిపోయిన దశలు ఊడి కింద పడతాయి కాబట్టి రాకెట్ వెళ్ళే దారి కింద ఊళ్లు ఉండకూడదు. ఇక్కడ తూర్పున నీళ్లే. ప్రయోగం రోజున ఆ వైపు వేటకు వెళ్ళవద్దని మత్స్యకారులను ముందే హెచ్చరించేది అందుకే.

పడుతూనే ఉండడం

రాకెట్ ఉపగ్రహాన్ని భూమి ఆకర్షణ లేని చోటికి తీసుకుపోయి వదిలేస్తుందని చాలామంది అనుకుంటారు. వ్యోమగాములు తేలుతూ కనిపిస్తారు కాబట్టి అక్కడ ఆకర్షణ లేదనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. ఆకర్షణ భూకేంద్రం నుంచి ఉన్న దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు. 250 కిలోమీటర్లు పైకి వెళ్తే కేంద్రం నుంచి దూరం 6,621 అవుతుంది. 6,371ని 6,621తో భాగించి వర్గం చేస్తే 0.926. నేల మీద ఉన్న ఆకర్షణలో 92 శాతానికి పైగా అక్కడా ఉంది. మరి ఉపగ్రహం ఎందుకు పడదు?

పడుతుంది. ఎప్పుడూ పడుతూనే ఉంటుంది. 1687లో వెలువడిన ‘ప్రిన్సిపియా’లో న్యూటన్ ఇచ్చిన జవాబు ఇదే. మైపాడు ఒడ్డున నిలబడి సముద్రం వైపు అడ్డంగా ఒక రాయి విసిరామనుకోండి. మొదటి సెకనులో అది 4.9 మీటర్లు కిందికి పడుతుంది. ఎంత బలంగా విసిరినా ఆ 4.9 మీటర్లు మారదు, ముందుకు పోయే దూరం మాత్రమే పెరుగుతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి నీటి మట్టం కూడా దూరం పోయేకొద్దీ కిందికి వంగుతుంది. దాదాపు 8 కిలోమీటర్లకు ఆ వంపు 5 మీటర్లు. గాలి అడ్డు లేకుండా, సెకనుకు సుమారు 7.9 కిలోమీటర్ల వేగంతో రాయి విసరగలిగితే, సెకనులో రాయి ఎంత పడిందో నేల కూడా దాని కింద అంతే దిగిపోతుంది. మరుసటి సెకనులోనూ అంతే. రాయి పడుతూనే ఉంటుంది, నేల మాత్రం అందదు. దీన్నే కక్ష్య అంటాం. తనూ తన చుట్టూ ఉన్నవన్నీ ఒకే తీరుగా పడుతున్నందువల్ల వ్యోమగామికి బరువు తెలియదు.

న్యూటన్ ఇదే లెక్కను చంద్రుడి మీద ప్రయోగించాడు. భూమి వ్యాసార్ధానికి 60 రెట్ల దూరంలో చంద్రుడున్నాడు. 60 వర్గం 3,600. నేల మీద సెకనుకు 4.9 మీటర్ల పతనం, అక్కడ 3,600 రెట్లు తగ్గి 1.36 మిల్లీమీటర్లు కావాలి. చంద్రుడు సెకనుకు 1.02 కిలోమీటర్లు నడుస్తాడు. ఆ నడకలో సరళరేఖ నుంచి భూమి వైపు ఎంత వంగుతున్నాడో కొలిస్తే సరిగ్గా 1.36 మిల్లీమీటర్లే వస్తుంది. చెట్టు మీది కాయను రాల్చే బలమూ చంద్రుణ్ణి తిప్పే బలమూ ఒకటేనని ఈ రెండు అంకెలు చెప్పాయి. మనిషి వేసిన గొప్ప లెక్కల్లో ఇదొకటి, పదో తరగతి పిల్లలు కూడా మళ్ళీ వేయగలిగినది.

ఆ వేగం అందుకోవడంలో ఉన్న కష్టం శ్రీహరికోటకు తెలుసు. 1979 ఆగస్టు 10న తొలి ఎస్‌ఎల్‌వీ-3 ఎగిరిన 5 నిమిషాల చిల్లరకే బంగాళాఖాతంలో పడిపోయింది. చాలినంత వేగంతో విసరలేని రాయికి జరిగేదే దానికీ జరిగింది. 1980 జూలై 18న అదే రకం రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. మన నేల మీద నుంచి మనం విసిరి, తిరిగి పడకుండా నిలిపిన తొలి వస్తువు అదే.

రెండు మేకులు, ఒక దారం

విసిరిన వేగం 7.9 కన్నా ఎక్కువైతే దారి వృత్తంగా ఉండదు, ఒక వైపుకు సాగుతుంది. ఆ సాగిన ఆకారమే దీర్ఘవృత్తం. దాన్ని గ్రహాల దారిగా గుర్తించినవాడు యోహాన్నెస్ కెప్లర్. గుర్తించింది అంగారకుడి దారిలోనే.

డెన్మార్క్‌కు చెందిన టైకో బ్రాహీ టెలిస్కోపు లేని కాలంలో, కంటి చూపుతోనే, గ్రహాల స్థానాలను ఏళ్ల తరబడి కొలిచాడు. 1601లో ఆయన పోయాక ఆ కొలతలు కెప్లర్ చేతికి వచ్చాయి. కెప్లర్ అంగారకుడికి ఒక వృత్తాకార దారి కట్టాడు. లెక్కలన్నీ దగ్గరకు వచ్చాయి, ఒక చోట మాత్రం 8 కళల కోణం తేడా మిగిలింది. పున్నమి చంద్రుడి వెడల్పులో అది నాలుగో వంతు. ఇంకొకరైతే కొలతలో పొరపాటని సర్దుకునేవారు. టైకో కొలత అంత తప్పదని కెప్లర్‌కు నమ్మకం. ఆ 8 కళల కోసం రెండు వేల ఏళ్లుగా పాతుకుపోయిన వృత్తాన్నే వదులుకున్నాడు. 1609లో వచ్చిన ‘ఆస్ట్రనోమియా నోవా’లో గ్రహం దీర్ఘవృత్తంలో తిరుగుతుందనీ సూర్యుడు దాని ఒక నాభి దగ్గర ఉంటాడనీ రాశాడు. ఇది మొదటి సూత్రం.

ఇంట్లోనే గీసి చూడండి. అట్టముక్క మీద రెండు గుండుసూదులు గుచ్చి, వాటి మధ్య 20 సెంటీమీటర్ల దారాన్ని వదులుగా కట్టి, పెన్సిల్‌తో దారాన్ని బిగువుగా పట్టుకుని చుట్టూ తిప్పితే దీర్ఘవృత్తం వస్తుంది. రెండు సూదులూ రెండు నాభులు. వాటి మధ్య దూరం 1.9 సెంటీమీటర్లు పెడితే వచ్చేది అంగారకుడి దారి ఆకారం. స్కేలు పెట్టి కొలవండి. ఒక వైపు 20 సెంటీమీటర్లు, దానికి అడ్డంగా 19.9. ఒక్క మిల్లీమీటర్ కూడా తేడా లేదు, కంటికి అచ్చు వృత్తమే. కానీ సూర్యుడున్న సూది మాత్రం నట్టనడుమ లేదు, 9 మిల్లీమీటర్లకు పైగా పక్కకు జరిగి ఉంది. అందుకే అంగారకుడు సూర్యుడికి ఒకప్పుడు 20.7 కోట్ల కిలోమీటర్ల దూరంలోనూ ఇంకొకప్పుడు 24.9 కోట్ల కిలోమీటర్ల దూరంలోనూ ఉంటాడు. కెప్లర్ ఆ మిల్లీమీటర్ కన్నా తక్కువ తేడాను పట్టుకున్నాడు.

ఇప్పుడు సూదుల మధ్య దూరాన్ని 12.8 సెంటీమీటర్లకు పెంచి మళ్ళీ గీయండి. బాగా సాగిన ఆకారం వస్తుంది. పీఎస్ఎల్‌వీ-సీ25 మంగళయాన్‌ను వదిలిన తొలి కక్ష్య ఆకారం అదే. ఒక సూది దగ్గర భూకేంద్రం. భూమికి దగ్గరి కొన, అంటే పెరిజీ, నేల నుంచి 247 కిలోమీటర్ల ఎత్తున ఉంది. దూరపు కొన, అంటే అపోజీ, 23,566 కిలోమీటర్ల ఎత్తున ఉంది.

దగ్గర పరుగు, దూరాన నిదానం

రెండో సూత్రం వేగం గురించి. సూర్యుణ్ణీ గ్రహాన్నీ కలిపే రేఖ సమాన కాలాల్లో సమాన వైశాల్యాలను ఊడుస్తుంది. దగ్గరున్నప్పుడు ఆ రేఖ పొట్టిది, కాబట్టి అంతే వైశాల్యం ఊడవాలంటే గ్రహం వేగంగా పోవాలి. దూరంగా ఉన్నప్పుడు రేఖ పొడుగు, నిదానం చాలు. రెండు కొనల దగ్గర దూరాన్నీ వేగాన్నీ గుణిస్తే ఒకే అంకె వస్తుంది.

ఎత్తులకు భూమధ్యరేఖ దగ్గరి వ్యాసార్ధం (సగటు కన్నా కాస్త ఎక్కువ) కలిపితే, మంగళయాన్ తొలి కక్ష్యలో భూకేంద్రం నుంచి దగ్గరి కొన 6,625 కిలోమీటర్లు, దూరపు కొన 29,944 కిలోమీటర్లు. రెండోది నాలుగున్నర రెట్లు. అయితే వేగం కూడా అదే నిష్పత్తిలో తిరగబడాలి. దగ్గరి కొన వద్ద సెకనుకు 9.9 కిలోమీటర్లు, దూరపు కొన వద్ద 2.2. భాగించి చూస్తే నాలుగున్నరే.

ఈ సూత్రం ఇంధనాన్ని ఎలా ఆదా చేసిందో చూడండి. 247 కిలోమీటర్ల ఎత్తున భూమిని వదిలిపోవడానికి కావలసిన పలాయన వేగం సెకనుకు సుమారు 11 కిలోమీటర్లు. పీఎస్ఎల్‌వీ ఇచ్చింది 9.9. మిగిలింది మంగళయాన్ సొంత ఇంజనే సంపాదించుకోవాలి. ఇంజన్‌ను ఎక్కడ మండించాలి? ఉయ్యాల ఊపేవాళ్ళకు జవాబు తెలుసు, అది కిందికి వచ్చి వేగంగా పోయేటప్పుడు తోస్తే రెండో కొస పైకి లేస్తుంది. లెక్కలోనూ అంతే. గతిశక్తి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. సెకనుకు 100 మీటర్ల వేగం కొత్తగా కలిపితే, 9.9 కిలోమీటర్ల వేగం దగ్గర ప్రతి కిలోకూ దాదాపు 10 లక్షల జౌళ్లు చేరతాయి. 2.2 దగ్గర చేరేవి రెండుంపావు లక్షలే. ఖర్చయ్యే ఇంధనం రెండు చోట్లా ఒకటే.

అందుకే ఇస్రో ప్రతిసారీ పెరిజీ దగ్గరే ఇంజన్ మండించింది. నవంబర్ 7న అపోజీ 28,825 కిలోమీటర్లకు పెరిగింది. 8న 40,186కు, 9న 71,636కు చేరింది. 11వ తేదీన లక్షకు చేరాల్సింది. సెకనుకు 130 మీటర్ల వేగం కలపాలనుకుంటే 35 మీటర్లే కలిసింది, అపోజీ 78,276 దగ్గర ఆగింది. ఆ రోజు దేశమంతా కలవరపడింది. అయితే నౌక ఎక్కడికీ పోలేదు. దీర్ఘవృత్తంలో తిరిగేది మళ్ళీ అదే పెరిజీకి వచ్చి తీరుతుంది, వచ్చినప్పుడు మిగిలిన తోపు ఇచ్చుకోవచ్చు. మరునాడు 304 సెకన్లు ఇంజన్ మండించారు, అపోజీ 1,18,642 కిలోమీటర్లకు లేచింది. 16న 1,92,874కు చేరింది. ఇన్నిసార్లూ పెరిజీ మాత్రం దాదాపు పాత ఎత్తులోనే ఉంది.

డిసెంబర్ 1 అర్ధరాత్రి దాటాక 12 గంటల 49 నిమిషాలకు 22 నిమిషాల పాటు ఇంజన్ మండి సెకనుకు 648 మీటర్లు కలిపింది. దాదాపు 10.8 కిలోమీటర్ల వేగం 11.4కు పెరిగింది, పలాయన వేగం దాటింది. డిసెంబర్ 4న, భూమికి 9.25 లక్షల కిలోమీటర్ల దూరంలో, మంగళయాన్ భూమి ఆకర్షణ పరిధి దాటింది. అక్కడి నుంచి దాన్ని తిప్పేది సూర్యుడు.

కుజుడు వక్రించే లెక్క

అంగారకుడు కనిపించే చోటికి గురిపెట్టి పోతే అంగారకుడు దొరకడు. నౌక చేరేసరికి అతడు కోట్ల కిలోమీటర్లు ముందుకు పోయి ఉంటాడు. అతడు ఎక్కడికి వస్తాడో అక్కడికే పోవాలి. దీనికి మూడో సూత్రం కావాలి. 1619లో వచ్చిన ఆ సూత్రం ప్రకారం, గ్రహం ఒక చుట్టు తిరిగే కాలపు వర్గం సూర్యుడి నుంచి దాని సగటు దూరపు ఘనానికి అనులోమంగా ఉంటుంది. భూమి దూరాన్ని 1 అనీ కాలాన్ని 1 ఏడాది అనీ పెట్టుకుంటే లెక్క మరీ తేలిక. అంగారకుడి సగటు దూరం 1.524. దాని ఘనం 3.54. వర్గమూలం 1.88 ఏళ్లు, అంటే 687 రోజులు.

ఇప్పుడు నౌక దారి. తక్కువ ఇంధనంతో పోవాలంటే, ఒక కొన భూమి కక్ష్యను, రెండో కొన అంగారకుడి కక్ష్యను తాకే దీర్ఘవృత్తం కావాలి. భూమి సూర్యుడికి 15 కోట్ల కిలోమీటర్లు, అంగారకుడు 22.8 కోట్లు. రెండింటి సగటు 18.9 కోట్లు, భూమి దూరానికి 1.26 రెట్లు. 1.26 ఘనం 2. దాని వర్గమూలం 1.414. అంటే ఆ దారిలో పూర్తి చుట్టుకు 1.414 ఏళ్లు, దాదాపు 516 రోజులు. మనకు సగం చుట్టే చాలు కాబట్టి 258 రోజులు. చిన్న గుణకారంతో అంగారకుడి ప్రయాణ కాలం చేతికి వచ్చేసింది.

ఆ 258 రోజుల్లో అంగారకుడు తన దారిలో 135 డిగ్రీలు నడుస్తాడు. నౌక నడిచేది 180 డిగ్రీలు. కాబట్టి బయలుదేరే రోజున అంగారకుడు భూమి కన్నా 45 డిగ్రీలు ముందుండాలి. ఇది నమూనా లెక్క. నిజంలో అంగారకుడి దారి సాగి ఉంది, భూమి దారికి కాస్త వాలి కూడా ఉంది. మంగళయాన్ సగం చుట్టు దాటి ఇంకొంచెం తిరిగాక అంగారకుణ్ణి కలిసేలా దారి ఎంచుకున్నారు. అందుకే దానికి 298 రోజులు పట్టింది.

భూమీ అంగారకుడూ అలాంటి అమరికకు మళ్ళీ రావడానికి 780 రోజులు పడుతుంది, దాదాపు 26 నెలలు. ఈ 26 నెలలు పంచాంగం చూసేవాళ్ళకు కొత్త కాదు. కుజుడు, అంటే అంగారకుడు, వక్రించడం కూడా అంతే కాలానికి ఒకసారి వస్తుంది. మామూలుగా నక్షత్రాల మధ్య తూర్పుకు నడిచే కుజుడు కొన్ని వారాలు పడమటికి వెనక్కి నడిచినట్టు కనిపిస్తాడు. అతడు నిజంగా వెనక్కి తిరగడు. సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే భూమి, 24 కిలోమీటర్లతో పోయే అంగారకుణ్ణి దాటిపోయేటప్పుడు మన కంటికి అతడు వెనక్కి పోతున్నట్టు అగుపిస్తాడు. అలా దాటిపోవడం 2014 ఏప్రిల్ 8న జరిగింది. మంగళయాన్ అప్పటికి నాలుగు నెలలుగా దారిలో ఉంది. పూర్వీకులు కంటితో పట్టుకున్న లయా ఇస్రో ప్రయోగానికి ముహూర్తం పెట్టిన లయా ఒకటే. ఒకటి చూసి రాసుకున్నది, ఇంకొకటి కారణం తెలిసి వాడుకున్నది.

ఆ గడువు తప్పితే మళ్ళీ 2016 దాకా ఆగాలి. 2013 అక్టోబర్ 28న జరగాల్సిన ప్రయోగం, రాకెట్‌ను గమనించే ఓడ దక్షిణ పసిఫిక్‌లో వాతావరణం బాగాలేక ఆలస్యం కావడంతో నవంబర్ 5కు జరిగింది. నవంబర్ 19 దాటితే కుదరదని అందరికీ తెలుసు. అమెరికా మావెన్ నౌక అదే నవంబర్ 18న బయలుదేరి, మంగళయాన్ కన్నా రెండు రోజుల ముందు అంగారకుణ్ణి చేరింది. ఏ దేశానికైనా సూర్యుడు పెట్టే ముహూర్తం ఒకటే.

ఫోబోస్ సాక్షి

2014 సెప్టెంబర్ 24 ఉదయం అసలు పరీక్ష వచ్చింది. అంగారకుణ్ణి సమీపించిన నౌక, ఆ గ్రహంతో పోలిస్తే, దాని ఆకర్షణకు లొంగనంత వేగంగా పోతోంది. సెకనుకు 1.1 కిలోమీటర్ల మేర ఆ వేగం తగ్గించకపోతే దాటిపోయి మళ్ళీ సూర్యుడి చుట్టూ తిరగడమే. దాదాపు 300 రోజులు ఊరకున్న ప్రధాన ఇంజన్‌ను రెండు రోజుల ముందు, సెప్టెంబర్ 22న, 4 సెకన్లు మండించి సరిచూశారు. రేడియో సంకేతం భూమిని చేరడానికే 12 నిమిషాలు పట్టే దూరం, పైగా మధ్యలో నౌక అంగారకుడి చాటుకు పోతుంది. కాబట్టి ఇక్కడి నుంచి నడపడం కుదరదు. ఆదేశాలన్నీ ముందే దాని కంప్యూటర్‌లో ఉంచారు. ఇంజన్ 23 నిమిషాలు మండింది. అంగారకుణ్ణి చేరిన తొలి ఆసియా నౌకగా, తొలి ప్రయత్నంలోనే చేరిన తొలి దేశపు నౌకగా మంగళయాన్ నిలిచింది.

ఇస్రో ప్రకటించిన కక్ష్య ఇది: దగ్గరి కొన 421.7 కిలోమీటర్లు, దూరపు కొన 76,993.6 కిలోమీటర్లు, ఒక చుట్టుకు 72 గంటల 51 నిమిషాల 51 సెకన్లు. ఈ మూడో అంకెను మనమే రాబట్టగలమా? మూడో సూత్రం సూర్యుడికే కాదు, దేని చుట్టూ తిరిగే వాటికైనా వర్తిస్తుంది. అంగారకుడికి ఫోబోస్ అనే చందమామ ఉంది, 1877లో ఆసఫ్ హాల్ కనిపెట్టాడు. అది అంగారకుడి కేంద్రం నుంచి 9,376 కిలోమీటర్ల దూరంలో 7.65 గంటలకొకసారి తిరుగుతుంది. దాన్నే కొలబద్దగా తీసుకుందాం.

మంగళయాన్ రెండు కొనల ఎత్తులూ కూడితే 77,415. దానికి అంగారకుడి వ్యాసం 6,780 కలిపి సగం చేస్తే సగటు దూరం 42,098 కిలోమీటర్లు. ఇది ఫోబోస్ దూరానికి 4.49 రెట్లు. 4.49ని ఘనం చేసి వర్గమూలం తీస్తే 9.51. ఫోబోస్ కాలం 7.65 గంటలను 9.51తో గుణిస్తే 72.8 గంటలు. దాదాపు 72 గంటల 48 నిమిషాలు! పందొమ్మిదో శతాబ్దంలో కనిపెట్టిన చందమామ, పదిహేడో శతాబ్దపు సూత్రం కలిసి, శ్రీహరికోట నుంచి వెళ్ళిన నౌక కాలాన్ని కొద్ది నిమిషాల తేడాతో చెప్పాయి. ఈ సూత్రం నిజమా అని ఎవరైనా పిల్లవాడు అడిగితే, నమ్మమని చెప్పనక్కరలేదు. ఈ అంకెలు చేతికిస్తే చాలు.

ఆరు నెలల కోసం పంపిన మంగళయాన్ ఏడేళ్లకు పైగా పనిచేసింది. 2022లో దానితో సంబంధం తెగిపోయింది.

ఇద్దరు లాగితే

ఇంతవరకూ లాగేవాళ్ళు ఒక్కొక్కరే. ఇద్దరు ఒకేసారి లాగితే ఏమవుతుందో చూపించింది ఆదిత్య-ఎల్1 నౌక. అది 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచే బయలుదేరి 2024 జనవరి 6న తన చోటికి చేరింది. భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎల్1 అనే బిందువు చుట్టూ తిరుగుతోంది.

ఎల్1 సూర్యుడికి భూమి కన్నా 1 శాతం దగ్గర. మూడో సూత్రం ప్రకారం 0.99 దూరంలో ఏడాది 360 రోజులకే పూర్తి కావాలి. ఆ లెక్కన ఆదిత్య ఏటా భూమిని దాటి ముందుకు పోవాలి. పోవడం లేదు, భూమితో పాటే 365 రోజుల్లో చుట్టు పూర్తి చేస్తోంది. సూత్రం తప్పిందా? తప్పలేదు. భూమి దాన్ని వెనక్కి లాగుతోంది. అక్కడ సూర్యుడి ఆకర్షణ భూమి దగ్గర కన్నా 2 శాతం ఎక్కువ. 365 రోజుల్లో ఆ చిన్న వృత్తం తిరగడానికి కావలసిన ఆకర్షణ 1 శాతం తక్కువ. మొత్తం 3 శాతం మిగులు. 15 లక్షల కిలోమీటర్ల దూరంలో భూమి లాగే బలం సూర్యుడి బలంలో సరిగ్గా ఆ 3 శాతమే, అదీ ఎదురు దిక్కులో. మిగులు తీరిపోతుంది. ఒకే కేంద్రం ఉన్నప్పుడు కెప్లర్ చాలు, రెండు కేంద్రాలున్నప్పుడు అతని వెనకున్న న్యూటన్‌ను పిలవాలి. ఒక సూత్రం ఎంతవరకు పనిచేస్తుందో తెలుసుకోవడం కూడా ఆ సూత్రాన్ని నేర్చుకోవడంలో భాగమే.

మీరే వేసి చూడండి

1. భూస్థిర ఉపగ్రహం భూకేంద్రం నుంచి 42,164 కిలోమీటర్ల దూరంలో 23.93 గంటలకొకసారి తిరుగుతుంది. మంగళయాన్ తొలి కక్ష్య సగటు దూరం 18,284 కిలోమీటర్లు. దాని ఆవర్తన కాలం ఎంత? 6 గంటల 50 నిమిషాల దగ్గర రావాలి.

2. బృహస్పతి సగటు దూరం భూమి దూరానికి 5.2 రెట్లు. అతని ఏడాది మన ఎన్నేళ్లకు సమానం? 12 ఏళ్లకొకసారి వచ్చే పుష్కరాలకూ ఈ జవాబుకూ ఉన్న సంబంధం చూడండి.

3. శుక్రుడి వద్దకు నౌక పంపడానికి 2024 సెప్టెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం అనుమతి ఇచ్చింది. 2028 మార్చిలో ప్రయోగించాలని సంకల్పం. శుక్రుడు సూర్యుడికి 10.8 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అంగారకుడికి వేసినట్టే సగటు తీసి, ఘనం చేసి, వర్గమూలం తీసి, సగం చేయండి. 146 రోజులు వస్తే మీ లెక్క సరైనదే. ఆ నౌక ఎగిరాక అసలు దారికి పట్టిన రోజులను ఈ జవాబు పక్కన రాసుకోండి. తేడా ఎంత వచ్చింది, ఎందుకు వచ్చింది అన్నది ఈ అధ్యాయంలో నేర్చుకున్న దానితోనే మీరు చెప్పగలుగుతారు.